సూరత్ రేవు దాటిన దుప్పట్లు



సూరత్ అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? బజారులో తక్కువ ధరకు దొరికే సింథటిక్ చీరలు గుర్తుకు రావచ్చు. వజ్రాలను సానబట్టే పని గుర్తుకు రావచ్చు. తెలంగాణ జిల్లాల్లో పుట్టిన కొందరికి మరో విషయం కూడా తెలిసి ఉంటుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల చేనేత కుటుంబాల్లో "మా బాబాయి వాళ్ళు సూరత్‌లో ఉంటారు" అనే మాట తరచు వినిపిస్తుంది. ఊళ్ళో చేతిమగ్గానికి పని తగ్గిపోయినప్పుడు వేలాది పద్మశాలి కుటుంబాలు సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనికి కుదిరాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగువాళ్ళ వీధులే ఏర్పడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

మరమగ్గాలు రాక చాలా ముందే, మూడున్నర శతాబ్దాల కిందట, ఇదే సూరత్ రేవు నుంచి ఒక అపురూపమైన సరుకు ఓడలెక్కింది. రాజులు కట్టుకునే పట్టు వస్త్రాల మాట కాదు నేను చెబుతున్నది. మంచం మీద పరిచే దుప్పట్లు, మంచం చుట్టూ కట్టే తెరలు, గోడలకు వేలాడదీసే బట్టలు, చలికి కప్పుకునే బొంతలు. అన్నీ ఇంట్లో వాడుకునేవే, అన్నీ చేత్తో చేసినవే. వాటిలో కొన్ని ఈనాడు ప్రపంచ ప్రసిద్ధ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. ఎన్నో ఉతుకులకు తట్టుకుని, రెండు మూడు వందల ఏళ్ళు గడిచిన తర్వాత కూడా వాటిలోని ఎరుపు చెక్కుచెదరలేదు.

అది ఎలా సాధ్యమైంది? ఆ తెలివి ఎవరిది? అది ఎక్కడికి పోయింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

రెండు తీరాలు, ఒకే వ్యాపారం

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌ను అక్బరు 1573లో జయించాడు. అప్పటి నుంచి అది మొగల్ సామ్రాజ్యానికి ముఖ్యమైన రేవు. మక్కాకు వెళ్ళే యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. పెద్ద ఓడలు నది ముఖద్వారానికి దగ్గరలోని సువాలీ వద్ద లంగరు వేసేవి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613లో సూరత్‌లో తన 'ఫ్యాక్టరీ'ని నెలకొల్పింది. ఫ్యాక్టరీ అంటే ఇప్పటి అర్థంలో కర్మాగారం అనుకోకండి. సరుకు కొని నిలవచేసే గిడ్డంగి, కంపెనీ ఉద్యోగులు నివసించే కొఠీ కలిసిన చోటు అది.

అంతకు రెండేళ్ళ ముందే, 1611లో, ఇదే కంపెనీ మన మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. పడమటి తీరంలో సూరత్, తూర్పు తీరంలో బందరు. సూరత్ నుంచి బుర్హాన్‌పూర్, గోల్కొండల మీదుగా బందరుకు చేరే బాట ఉండేది. కాబట్టి ఈ రెండు రేవుల కథను విడివిడిగా చదవకూడదు. అప్పటి యాత్రికుల రాతల్లో దీనికొక మంచి సాక్ష్యం ఉంది. సూరత్ మీదుగా మొగల్ ఆస్థానానికి చేరిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, ఔరంగజేబు డేరాల లోపలి గోడలకు మచిలీపట్నంలో చేత్తో చిత్రించిన బట్టలు కట్టారని రాశాడు. కృష్ణా తీరపు పనివాళ్ళ చేతి గీత చక్రవర్తి డేరాదాకా వెళ్ళిందన్నమాట.

ఈ బట్టలను మనవాళ్ళు 'చీటిగుడ్డ' అనేవారు. ఇంగ్లీషువారి 'చింట్జ్' అనే మాటకూ, మన చీటికీ, హిందీ 'ఛీంట్'కూ ఉన్న పోలిక మీకు తెలుస్తూనే ఉంది. అలాగే 'పలంగ్' అంటే మంచం, 'పోష్' అంటే కప్పేది. ఈ 'పలంగ్‌పోష్' ఐరోపా వాళ్ళ నోట 'పలంపోర్' అయింది. మంచం మీద పరచడానికీ, గోడకు వేలాడదీయడానికీ పనికొచ్చే పెద్ద దుప్పటి ఇది.

లండన్ నుంచి వచ్చిన ఉత్తరం

1643లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు ఒక ఉత్తరం రాశారు. మీరు పంపుతున్న బొంతల్లో చాలావాటికి నేల ముదురు ఎరుపుగా ఉంటున్నది, అది ఇక్కడివారికి అంతగా నచ్చడం లేదు, ఇకమీదట నేల తెల్లగా ఉంచి, నడుమ కొమ్మలూ పూలూ రంగుల్లో చిత్రకారుడికి తోచినట్లు వేయించి పంపండి అన్నది అందులోని సారాంశం. తర్వాతి కాలంలో నమూనా బొమ్మలు కూడా పంపించారు.

ఈ ఉత్తరంలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, కొనేవారి అభిరుచి సముద్రాలు దాటి పనివాడి గీతను మార్చింది. పలంపోర్లలో తరచు కనిపించే బొమ్మ గుట్ట మీద నిలిచిన మెలికల చెట్టు. దాని మీద ఒకే కొమ్మకు పదిరకాల పూలు పూస్తాయి. ఆ చెట్టులో భారతీయ, పారశీక, చీనా, ఇంగ్లీషు పోకడలు కలిసిపోయాయి. రెండవది, 'నేల తెల్లగా ఉంచండి' అని రాయడం సులువే గాని, చేయడం చాలా కష్టం. బట్టనంతా ఎర్రరంగులో ఉడకబెట్టి, కావలసిన చోటనే ఎరుపు నిలిపి, మిగతా చోటంతా మళ్ళీ తెల్లగా తేవాలి. అది ఎలాగో తెలియాలంటే మనం కాసేపు రసాయనశాస్త్రంలోకి వెళ్ళాలి.

ముందుగా ఒక మాట. సూరత్ గుండా వెళ్ళిన బట్టలన్నీ ఒకే రకం కాదు. గుజరాత్ పనివాళ్ళలో చెక్క అచ్చులతో అద్దేవారు ఉన్నారు. సన్నని కొక్కెపు సూదితో గొలుసు కుట్టు కుట్టేవారు ఉన్నారు. ఆ సూదిని 'ఆరీ' అంటారు. తోలుపని నుంచి వచ్చిన మోచీలు ఈ కుట్టులో ఆరితేరినవారు. ఈ రోజు మన ఊళ్ళలో పెళ్ళి జాకెట్ల మీద 'మగ్గం వర్క్' చేసేవాళ్ళ చేతిలో ఉండే సూది ఆ కుటుంబానికి చెందినదే. ఇక కోరమాండల్ తీరంలో, అంటే మన వైపు, కలంతో నేరుగా బట్టమీద గీసేవారు. అందుకే అది కలంకారీ. పద్ధతులు వేరైనా ఎరుపును నిలబెట్టే సూత్రం మాత్రం ఒక్కటే.

ఎరుపు ఎందుకు పోలేదు?

నూలు బట్ట అంటే సెల్యులోజ్. చాలా ప్రకృతి రంగులు దానికి గట్టిగా అంటుకోవు. చీర మీద బీట్‌రూట్ రసం పడితే ఉతికేసరికి చాలావరకు పోతుంది కదా! రంగుకూ నూలుకూ మధ్య ఒక పెళ్ళిపెద్ద కావాలి. ఆ పనిచేసే పదార్థాన్ని శాస్త్రభాషలో 'మార్డెంట్' అంటారు. రంగును కట్టిపడేసేది అని చెప్పుకోవచ్చు. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక ఉంది చూశారూ, అదే ఇక్కడి పెళ్ళిపెద్ద. పటికలో అల్యూమినియం ఉంటుంది. అది ఒక చేత్తో నూలును, మరో చేత్తో రంగును పట్టుకుంటుంది. దాంతో నీళ్ళలో కరగని ఒక సంయోగం నూలు పోగులోనే ఏర్పడుతుంది.

ఇప్పుడు కలంకారీ వరస చూద్దాం.

మొదట బట్టను బాగా ఉతికి, పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో తెలుపు చేస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ బట్టను రంగుకు సిద్ధం చేస్తుంది. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత చుట్టూ పాకిపోదు. సిరా పీల్చే కాగితం మీద రాసిన అక్షరానికీ, మంచి కాగితం మీద రాసిన అక్షరానికీ ఉన్న తేడాయే ఇక్కడా.

తర్వాత బొమ్మ గీతలు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవంతో గీస్తారు. ఆ ఇనుము కరక్కాయ టానిన్‌ను తాకగానే నల్లగా మారుతుంది. వెదురుపుల్లకు కాస్త పైన ఉన్నిగాని, బట్టగాని చుట్టి దారం కడితే అదే కలం. ఆ చుట్టను నొక్కితే ద్రవం మొనకు దిగుతుంది.

ఎరుపు కావలసిన చోట ఎరుపు రాయరు. పటిక నీళ్ళు మాత్రమే రాస్తారు. ఆ తర్వాత బట్టనంతా చిరివేరు కషాయంలో ఉడికిస్తారు. చిరివేరు తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. అందులో అలిజరిన్ అనే పదార్థం ఉంటుంది. పటిక ఉన్నచోట అలిజరిన్ అతుక్కుని ఎర్రబడుతుంది, లేనిచోట పైపైన మాత్రమే అంటుతుంది. పారే నీళ్ళలో ఉతికి, పేడనీళ్ళు చల్లి, ఎండలో పరిచి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఎండబెట్టి రోజుల తరబడి శ్రమిస్తే ఆ పైపై రంగు పోయి నేల తెల్లబడుతుంది. లండన్ డైరెక్టర్లు ఒక్క మాటలో అడిగిన తెల్లని నేల వెనక ఇంత పని ఉంది.

నీలానిది ఇంకో దారి. నీలిమందు నీళ్ళలో కరగదు. దాన్ని తొట్టిలో పులియబెట్టి కరిగే రూపానికి తేవాలి. ఆ తొట్టిలో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ మీ కళ్ళముందే నీలంగా మారుతుంది. నీలం వద్దనుకున్న చోటంతా ముందుగానే మైనం పూస్తారు. తర్వాత వేడినీళ్ళలో ఆ మైనాన్ని తీసేస్తారు.

ఆకుపచ్చ కోసం నీలం మీద పసుపు రంగు రాస్తారు. ఈ పసుపు మాత్రం వెలుతురుకు నిలవదు. అందుకే మీరు ఏ మ్యూజియంలోనైనా పాత పలంపోర్ చూస్తే దానిమీద ఆకులు చాలావరకు నీలంగా కనిపిస్తాయి. చిత్రకారుడు నీలం ఆకులు వేయలేదు. కాలం పసుపును తినేసి నీలాన్ని మిగిల్చింది. పాత బట్టను చదవడమంటే ఇదే.

ఇంత రసాయన జ్ఞానం పుస్తకంలో లేదు. తండ్రి చెయ్యి చూసి కొడుకు, అత్త చెయ్యి చూసి కోడలు నేర్చుకున్నారు. అల్యూమినియం అనే మూలకం పేరు వాళ్ళకు తెలియదు. కాని దానిచేత ఏ పని ఎప్పుడు చేయించాలో తెలుసు. ఈ విద్య వయసు కూడా తక్కువేమీ కాదు. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకుని దొరికిన నూలుగుడ్డ ముక్క మీద ఇదే జాతి వేరు ఎరుపు ఉంది. అంటే ఈ విద్యకు నాలుగు వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉందన్నమాట.

దుప్పటి మీద నిషేధం

ఉతికినా పోని రంగుల నూలుబట్ట ఐరోపా ఇళ్ళను జయించింది. అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ళకు కడుపు మండింది. ఫ్రాన్సు 1686లో ఇలాంటి బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759దాకా సాగింది. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం వచ్చింది. అది చాలలేదు. 1719లో లండన్ నేతవాళ్ళు వీధుల్లో అద్దకపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద దాడి చేసేదాకా వెళ్ళింది వ్యవహారం. చివరికి 1721 చట్టం ప్రకారం, 1722 డిసెంబరు 25 తర్వాత అద్దకపు నూలుబట్టలు ఒంటిమీద కట్టుకోవడమే కాదు, ఇంట్లో పక్కలకూ తెరలకూ వాడటం కూడా నేరమైంది. దుప్పటి మీద ఒక దేశపు పార్లమెంటు చట్టం చేసిందంటే ఆ దుప్పటి బలం ఎంతో ఊహించండి.

ఆ రోజుల్లో లండన్‌లో డేవిడ్ గారిక్ అనే గొప్ప నటుడు ఉండేవాడు. కలకత్తా వర్తకులు ఆయన దంపతులకు మంచం తెరల బట్టలు కానుకగా పంపారు. అవి మచిలీపట్నంలో చిత్రించినవి. సుంకం అధికారులు వాటిని పట్టుకున్నారు. 1775లో గారిక్ వాటిని విడిపించమని వేడుకుంటూ అధికారికి ఉత్తరం రాశాడు. ఆ మంచం ఈనాడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మంచం యజమాని పేరు చరిత్రలో ఉంది, కానుక ఇచ్చిన వర్తకుల ఊరు ఉంది. ఆ తెరల మీద పూలు గీసిన బందరు మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

తెలివి ఎక్కడికి పోయింది?

నిషేధాలు నడుస్తుండగానే ఐరోపావారు ఈ రహస్యం తెలుసుకునే పనిలో పడ్డారు. పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచి మతగురువు కేర్డో తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. ఆయన అద్దకం పనివాళ్ళను అడిగి తెలుసుకున్న పద్ధతిని 1742లో ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్, 1795లో వెలువడటం మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరు మొక్కకు చోటిచ్చాడు. రాసుకున్న తెలివి ఓడ ఎక్కి వెళ్ళింది. రాసుకోని తెలివి చేతులతోపాటే ఉండిపోయింది.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. రోలర్లతో అద్దే యంత్రం మనిషి నెలలపాటు చేసే పనిని నిమిషాల్లో చేసింది. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్‌మన్ ప్రయోగశాలలో అలిజరిన్ తయారు చేశారు. చిరివేరు తవ్వేవాళ్ళకు పని పోయింది. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది. నీలి తొట్లు ఎండిపోయాయి. సూరత్ వైభవం అంతకుముందే బొంబాయికి తరలిపోయింది.

అయితే అంతా పోయిందనుకోవద్దు. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు పూనుకుని 1950లలో శ్రీకాళహస్తి కలంకారీకి మళ్ళీ ఊపిరి పోశారు. పెడనలో ఈనాటికీ అచ్చుల చప్పుడు వినిపిస్తుంది. 1949లో అహ్మదాబాద్‌లో స్థాపించిన కాలికో మ్యూజియంలో పాత గుజరాత్, కోరమాండల్ బట్టలు పక్కపక్కనే ఉన్నాయి. సూరత్‌లో చదువుకునే తెలుగు పిల్లలు ఒక్కసారైనా అది చూడాలని నా కోరిక. తమ తాతల చేతిపని సూరత్ రేవుకు కొత్తది కాదని వాళ్ళకు తెలియాలి. మరమగ్గం మీటనొక్కే ఆ చేతులు కూలిచేతులు మాత్రమే కావు. వాటి వెనక ఒక శాస్త్రం ఉంది.

మన ఇంటి పెట్టెలోకి చూద్దాం

మ్యూజియం దాకా పోలేనివారు ఇంట్లో పెట్టె తెరవండి. మా అమ్మమ్మ పాత నేతచీరలను పొరలుగా పేర్చి, నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని బొంత కుట్టేది. గుజరాత్ ఇళ్ళలో దీన్నే 'గోదడీ' అంటారు. పొరల మధ్య గాలి చిక్కుకుంటుంది. గాలి వేడిని సులభంగా పోనివ్వదు. అందుకే అంత పలుచని బట్టలతో కుట్టినా బొంత వెచ్చగా ఉంటుంది. దగ్గరదగ్గరగా వేసిన కుట్లు పొరలు జరగకుండా పట్టి ఉంచుతాయి. అందం, అవసరం అక్కడ వేరువేరు కావు. ఆ బొంతను పారేసినప్పుడు నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది.

వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వేసుకుంటూ వచ్చేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఆ చీరల జరీలో వెండి ఉంటుంది. పట్టుదారం చుట్టూ సన్నని వెండి రేకు చుట్టి, దానికి బంగారు పూత పెడితే అసలు జరీ. గద్వాల, వెంకటగిరి నేతవాళ్ళు వాడిన జరీలో చాలాభాగం సూరత్‌లో తయారైనదే. కొన్నవాళ్ళు చీరను కాల్చి వెండి తీసుకుంటారు. వెండికి ధర కడతారు గాని అంచు మీది నేతకు ఎవరూ ధర కట్టరు. అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. దాన్ని నేను తప్పుపట్టను. కాని అమ్మేముందు ఒక్క ఫోటో తీసి, ఎవరు నేశారో, ఎప్పుడు కొన్నారో అమ్మమ్మనో నానమ్మనో అడిగి రాసి ఉంచండి. బందరు చిత్రకారుడి విషయంలో ఎవరూ చేయని పని అదే.

దాచుకునేవారికి నాలుగు మాటలు. పాత బట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే పోగులు తెగుతాయి. ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, వెలుతురు రంగు అణువులను విడగొడుతుంది. వెండి జరీ మీద సెంటు చల్లకండి.

మీరు చేయవలసిన పని

ఉపాధ్యాయుల సమక్షంలో ఈ చిన్న ప్రయోగం చేయండి. తుప్పుపట్టిన మేకులను బెల్లం నీళ్ళలో వేసి వారం రోజులు ఉంచండి. కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ఒక తెల్లని నూలుగుడ్డ ముంచి ఆరబెట్టండి. మేకుల నీళ్ళలో పుల్ల ముంచి ఆ గుడ్డ మీద మీ పేరు రాయండి. అక్షరాలు నల్లబడటం చూడండి. ఇంకో గుడ్డమీద సగభాగానికి పటిక నీళ్ళు రాసి ఆరనిచ్చి, ఆయుర్వేద మందుల దుకాణంలో దొరికే మంజిష్ఠ పొడి వేసిన నీళ్ళలో ఉడికించి, బాగా ఉతకండి. రెండు సగాల తేడా ఏమిటో, ఎందుకో మీ నోటుపుస్తకంలో రాయండి.

అలా రాసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మీరు పాఠంగా చదువుకుంటున్న ఈ రసాయన చర్యను, పాఠశాల ముఖం చూడని మనుషులు వందల ఏళ్ళపాటు తప్పు లేకుండా చేశారు. వాళ్ళ పేర్లు మనకు దొరకవు. వాళ్ళు చేసిన పనిని అర్థం చేసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.